దూత తెచ్చిన కబురు

...పోనీ దూతని ఉంచేస్తే? మామగారి వీధి మలుపు తిరుగుతూ అనుకున్నాడు రచయిత. ఉంచితే నాటకం చస్తుంది. తను రేడియోకి మారుస్తున్న ఆ పాత పద్యనాటకంలో చావులన్నీ తెర వెనకే. దూత పరుగున వచ్చి రాణికి పద్యాల్లో చెబుతాడు. రేడియోలో తెర ఎక్కడుంది? కత్తి దూసిన చప్పుడూ, రాకుమారుడి కేకా శ్రోతలు చెవులారా విన్నాక, దూత వచ్చి మళ్ళీ మొదలుపెడితే రేడియో కట్టేస్తారు. అందుకే ఆ పాత్ర కొట్టేశాడు. అప్పుడు కలం తడబడలేదు. జీవితమంతా ఆ దూత వేషం కట్టింది పిల్లనిచ్చిన మామగారని గుర్తొచ్చాకే చిక్కొచ్చి పడింది.

“మీరే కొట్టేశారు, మీరే చెప్పండి. ఎల్లుండి ఆ వేషం తనదేననుకుని నాన్న రికార్డింగ్‌కి వచ్చి, అక్కడ తెలిసి మొహం చిన్నబుచ్చుకుంటే నేను ఊరుకోను,” అని భార్య నిన్ననే తేల్చేసింది.

తలుపు తీసే ఉంది.

“రావయ్యా అల్లుడూ! ఏంటా మొహం, ఆముదం తాగినట్టు?”

“ఏం లేదు మామయ్యా. ఇటు పనుండి...”

“ఈ వీధిలో నేనూ, మందుల షాపూ తప్ప ఏమున్నాయి? ఒంట్లో బాగానే ఉందిగా?”

తను భయపడుతున్నది ఆయన బాధకా, ఆ బాధకి కారణం తనేనని ఆయన కళ్ళలో చూడాల్సి వస్తుందనా? రెండోదేనని తేలేసరికి రచయితకి తన మీద తనకే చిరాకేసింది.

“వచ్చావు కాబట్టి విను,” అన్నారు మామగారు. “చెడ్డకబురు మోసే దూత కూర్చోకూడదు. నసగకూడదు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి ఒక్క ముక్కలో చెప్పాలి. ఏదీ, చెప్పు చూద్దాం.”

“నేనా? ఏం చెప్పను?”

“ఏదో ఒకటి. నేను రాణిని.”

ఆయన తువ్వాలు ముసుగేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మీసాలు మాత్రం బయటికే ఉన్నాయి. రచయితకి నవ్వాగలేదు.

“మహారాణీ, విషయం ఏంటంటే, పరిస్థితుల దృష్ట్యా...”

“సోది! ఈలోపు నేను వంట చేసుకొస్తాను. మళ్ళీ!”

“తమరు వేరేగా అనుకోకపోతే...”

“అనుకుంటాను! మళ్ళీ!”

రచయిత ఆయన కళ్ళలోకి చూశాడు.

“మామయ్యా, మీ వేషం తీసేశాను.”

మామగారు ముసుగు తీసి చప్పట్లు కొట్టారు.

“అదీ! అలా చెప్పాలి!”

“ఇది నటన కాదు మామయ్యా, నిజంగానే...”

“ష్! దూత ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే మొదటిది నీరుగారిపోతుంది. కూర్చో, కాఫీ తెస్తాను.”

నమ్మారా, నమ్మలేదా? ఏమీ పాలుపోక రచయిత కుర్చీ అంచున కూర్చున్నాడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడూ, ఈల పాటా వినిపించాయి. ఆ తర్వాత, ఫోన్‌లో కూతురితో మామగారి గొంతు:

“పొద్దున నువ్వు చెప్పిన కబురు మీ ఆయన చేత చెప్పించేశానమ్మా.”