ఒకే గంపలో సెలవులు

గానుగ తిప్పే మైలెద్దును చూశారుగా, ఏం కనబడిందో చెప్పండి. కుంటుతోంది, అంతేనా? అయితే వినండి.

ఎడ్లకు జబ్బు సెలవులు ఆరు, సొంత సెలవులు పది ఉండేవి. మేస్త్రి నక్క రెండూ ఒకే గంపలో పోసి, పదహారును పన్నెండు చేసింది.

"సెలవు ఎందుకని అడగను బావలూ, మీ ఇష్టం!" అంది.

ఎడ్లు మురిసిపోయాయి. మైలెద్దు తన ఆవు ఈనే రోజులకని పన్నెండూ దాచుకుంది. ఇంతలో దానికి గాలికుంటు రోగం సోకింది.

"పడుకోరా, అందరికీ అంటిస్తావ్," అంది జోడీ కర్రెద్దు.

"ఇప్పుడు పడుకుంటే నా దూడ దగ్గర ఎవడుంటాడ్రా?" అంటూ కుంటుతూనే కాడి కింద మెడపెట్టింది.

వారంలో ఎడ్లన్నీ కూలబడ్డాయి. అందరి గంపలూ జబ్బుకే ఖాళీ అయ్యాయి. దూడ పుట్టిన పూట మైలెద్దు గానుగ చుట్టూనే తిరుగుతోంది.

తప్పంతా దానిదేనంటోంది నక్క. సరే, మీరే ఆ ఎద్దయితే, జబ్బు సోకిన రోజు కొట్టంలో పడుకునేవారా?