ఒక్కరికి సరిపడా

“ఒక్కరికే,” అంది అక్క.

మాంసం కొట్టతను కత్తి ఆపాడు. ముందు అక్క మొహం చూశాడు, తర్వాత పక్కనే మూతి ముడుచుకుని నిలబడ్డ చెల్లెలి మొహం చూశాడు.

“ఒక్కరికేనా? చిన్నమ్మకి వద్దా?”

“చిన్నమ్మ నిరాహార దీక్షలో ఉంది. స్టేక్‌కి కొయ్యి. రెండు వేళ్ళ మందం ఉండాలి. పల్చగా కోశావంటే తెచ్చి నీ బల్ల మీదే పడేస్తా.”

అతను మారు మాట్లాడకుండా కోసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ ఇద్దరి మధ్య దూరడం ఎవరి తరమూ కాదని వీధి మొత్తానికీ తెలుసు.

గొడవంతా ఒక కాగితం గురించి. వంటింటి గోడకి, క్యాలెండర్ పక్కన, చెల్లెలు దాన్ని పిన్నుతో గుచ్చి పెట్టింది. వేరుపడే కాగితం. కింద రెండు సంతకాలకి చోటుంది. చెల్లెలు తన సంతకం గీకేసి వారమైంది. అక్క చెయ్యదు గాక చెయ్యదు.

దాంతో చెల్లెలు తిండి మానేసింది. సంతకం పడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనంది. అది కూడా ఎప్పుడు? అక్కకి దవడ పన్ను పుచ్చి, చిగుళ్ళు వాచి, గంజి కూడా గొంతు దిగని రోజు చూసుకుని మరీ మొదలుపెట్టింది. ఎదుటి మనిషి లేవలేనప్పుడే పంతం పట్టడం ఆవిడకి చిన్నప్పటినుంచీ ఉన్న విద్యే. నిన్న డాక్టరు ఆ పన్ను పీకేశాడు. ఇవాళ అక్క అటక మీంచి ఇనప పెనం దించింది.

మాంసాన్ని గంటసేపు బయటే ఉంచింది. చల్లగా ఉండగా వేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. తర్వాత తడి లేకుండా గుడ్డతో అద్ది, ఉప్పూ మిరియాల పొడీ దిట్టంగా పట్టించింది.

“ఇవాళ్టికి నాలుగో రోజు,” అంది చెల్లెలు, కిటికీలోంచి బయటికి చూస్తూ. “కళ్ళు తిరుగుతున్నాయి. ఏ క్షణమైనా పడిపోతాను.”

“పడు. పొయ్యి ఉన్న వైపు మాత్రం పడకు.”

“నీది గుండేనా, బండరాయా?”

“బండరాయే. జరుగు, నూనె సీసా అందట్లేదు.”

చెల్లెలు కావాలనే బిగుసుకుని నిలబడింది. అక్క విసురుగా లాగింది. ఇద్దరూ తూలి, గట్టు పట్టుకుని ఆగారు. అక్కకీ కళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి మాత్రం పైకి తేలనివ్వలేదు.

పెనం పొగలు కక్కాక మాంసం వేసింది. చుయ్యిమంది. ఇక దాన్ని కదపకూడదు. ఊరికే కెలికేవాళ్ళకి స్టేక్ రాదు, ఉడకబెట్టిన చెప్పు వస్తుంది. మూడు నిమిషాలు గడియారం చూసి తిరగేసింది. వెన్న ముద్ద వేసింది, చితక్కొట్టిన వెల్లుల్లి వేసింది, కరిగిన వెన్నని గరిటెతో తీసి మాంసం మీద పోస్తూ నిలబడింది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. చెల్లెలు గుటక వేయడం అక్కకి వినపడింది.

“వేరుపడితే నీకొచ్చే నష్టమేంటే?” చెల్లెలి గొంతు లేచింది. “పుట్టినప్పట్నుంచీ నీకు తోకలాగే బతికాను. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నాకిష్టమైన చోటికి నేను వెళ్ళానా?”

“వేరుపడితే ఉన్న ఒక్కటీ ఎవరికి? దాన్ని రెండు ముక్కలు చెయ్యడం కుదరదని వాళ్ళే చెప్పారు.”

“నువ్వే ఉంచుకో! నాకక్కర్లేదు.”

“అది లేకుండా నువ్వు బతికినట్టే!”

“బతుకుతానో చస్తానో నా ఇష్టం. అసలు నువ్వు నాతో ఒక కడుపున పుట్టినదానివేనా?”

అక్క అరచేతిలో బొటనవేలి కింది కండని చూపుడు వేలితో నొక్కి చూసుకుని, అదే వేలితో మాంసాన్నీ నొక్కింది. రెండూ ఒకేలా మెత్తగా తగిలాయి, అంటే ఉడుకు సరిపోయింది. పొయ్యి ఆపి, ముక్కని పళ్ళెంలోకి తీసి చేతులు కట్టుకుంది.

“ఇంకా దేనికి ఆగావు?”

“దానికి కాస్త విశ్రాంతి కావాలి. ఇప్పుడే కోస్తే రసమంతా కారిపోతుంది.”

“చచ్చిన మాంసానికి విశ్రాంతి ఇస్తావు. బతికున్న నాకు మాత్రం నీ నుంచి విశ్రాంతి లేదు.”

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. పళ్ళెం ఒక్కటే, ఫోర్కు ఒక్కటే. అక్క అడ్డంగా కోసింది. లోపల లేత గులాబీ రంగులో, అనుకున్నట్టే కుదిరింది. మొదటి ముక్క గుచ్చి చెల్లెలి మూతి దగ్గర పెట్టింది. చెల్లెలు తల తిప్పేసుకుంది.

“నీ ఖర్మ,” అని అక్క దాన్ని తన నోట్లోనే పెట్టుకుంది.

పన్ను పీకిన చోట జివ్వుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఆపలేదు. రెండో వైపు దవడతో ఒక్కో ముక్కనీ పిండి పిండి చేసి మింగింది. ఆకలితో నకనకలాడే తోబుట్టువుని పక్కన కూర్చోబెట్టుకుని, చిన్న కొవ్వు తునక కూడా మిగల్చకుండా తిన్నది. అడుగున మిగిలిన రసాన్ని రొట్టెతో తుడిచి అదీ తినేసింది. చూసేవాళ్ళుంటే మొహాన ఉమ్మేసేవాళ్ళు.

“రాక్షసివి,” అంది చెల్లెలు. ఇందాకటి నీరసం ఆ గొంతులో లేదు.

అక్క ఫోర్కు కింద పెట్టి, వాచిన దవడని అరచేత్తో అదుముకుంది.

“నీ దీక్ష ఎన్నాళ్ళు చేసుకుంటావో చేసుకో. రేపూ వండుతా. ఎల్లుండీ వండుతా.”

చెల్లెలు గట్టిగా తిట్టబోయి నోరు తెరిచింది. తిట్టుకి బదులు పెద్ద త్రేన్పు వచ్చింది.

ఒక కడుపున పుట్టడమే కాదు, ఆ ఇద్దరూ నడుం దగ్గర అతుక్కుని, ఒకే కడుపుతో పుట్టారు.