ఒక సైజు పెద్దది

ఫోన్ మోగినప్పుడు దర్జీ ఎవరిదో కోటు చేతులు విప్పుతున్నాడు.

"మీ అమ్మాయి సైకిల్ మీంచి పడింది. తలకి దెబ్బ తగిలింది. వెంటనే ఆసుపత్రికి రండి."

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. కత్తెర ఎక్కడ పడేశాడో, కొట్టు తలుపు వేశాడో లేదో తెలియదు. పొరుగూరికి పనికెళ్లిన భార్యకు ఫోన్ చేసి, ఇంటికెళ్లి పిల్ల బట్టలు తెమ్మని చెప్పాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా ఎమర్జెన్సీ వార్డు ముందు వచ్చి పడ్డాడు.

"సిస్టర్, మా పాప..."

"స్కానింగ్‌కి తీసుకెళ్లారు. స్పృహలో లేదు. రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేం, కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నర్సు ఒక కవరు తెచ్చి చేతికిచ్చింది.

"పాప తల మీంచి తీశాం."

పసుపురంగు హెల్మెట్. ఎడమ చెవి పైన నిలువునా పగిలిపోయి ఉంది. ఆయన ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇదే ఇలా పగిలిందంటే, లోపల తల..."

"అది పగిలేది అందుకేనండీ. లేకపోతే పగిలేది వేరే" అంది నర్సు.

అప్పుడు గుర్తొచ్చింది పొద్దుటి గొడవ.

"హెల్మెట్ లేకుండా గడప దాటావంటే సైకిల్ అమ్మిపారేస్తా!"

"జుట్టంతా నలిగిపోతుంది నాన్నా!"

హెల్మెట్ నిన్ననే భార్య కొనుక్కొచ్చింది. ఆయన డబ్బా చూశాడే గాని, లోపల ఏ రంగుదో కూడా చూడలేదు. స్నానం చేసి వచ్చేసరికి పిల్ల వెళ్లిపోయింది. పెట్టుకుందో లేదో అని అప్పటినుంచీ మనసు పీకుతూనే ఉంది.

పెట్టుకుంది! బంగారుతల్లి, నా మాట విన్నది.

ఆయనకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దర్జీ కళ్లు వాటి పని అవి చేశాయి. హెల్మెట్ ఒక సైజు పెద్దది. వదులు కాకుండా లోపల ఒక చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి కుక్కి ఉంది.

లోకంలో అందరికీ కొలతలు తీసేవాడి ఇంట్లో, కూతురి తల కొలత తెలియకుండా కొనుక్కొచ్చింది మహాతల్లి. ఇంటికెళ్లాక చెప్తా అనుకున్నాడు. అనుకున్నాడో లేదో, పిల్లతో కలిసి ఇంటికి వెళ్లడం ఉంటుందా అని వణుకు పుట్టింది.

పక్కనే స్ట్రెచర్ మీద ఇంకో మనిషి ఉన్నాడు. నెరిసిన జుట్టు, దాని చుట్టూ తడిసిపోయిన కట్టు.

"ఇద్దరూ ఒకే చోట పడ్డారు" అంది నర్సు. "కొండ దిగే రోడ్డట. మలుపులో కంకర ఉందట. ముందు మీ పాప జారింది, వెనకాలే ఈయన."

"ఎవరీయన?"

"తెలీదు. ఈయన కోసం ఎవరూ రాలేదు."

ఆ మాటలకు పెద్దాయన కళ్లు తెరిచాడు.

"పాప ఎలా ఉందండీ?"

భయం మనిషిని మంచిగా ఉండనివ్వదు. దర్జీకి ఒళ్లు మండింది.

"వెనకనుంచి గుద్దింది మీరేనా?"

కాదన్నట్టు తల కదపబోయి, నొప్పికి ఆగిపోయాడాయన.

"మా పాపకి బుద్ధుంది, హెల్మెట్ పెట్టుకుంది. తల నెరిసిన మీకేమైంది? మీ హెల్మెట్ ఏది?"

పెద్దాయన చూపు దర్జీ చేతిలోని పసుపు హెల్మెట్ మీద కాసేపు ఆగింది.

"మర్చిపోయానండీ" అన్నాడు.

తర్వాత, "పాపనేమీ అనకండి" అన్నాడు.

నా కూతుర్ని నేను అంటే ఈయనకెందుకట! దర్జీ మొహం తిప్పుకున్నాడు.

స్ట్రెచర్‌ని ఆపరేషన్ థియేటర్ వైపు కదిలించారు.

"ఆయన భయపడుతున్నారు. లిఫ్టు దాకా కాస్త చెయ్యి పట్టుకుని వస్తారా?" అని అడిగింది నర్సు.

"మా పాప రిపోర్టు రావాలి సిస్టర్" అన్నాడు దర్జీ.

రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల్లో ఆయన మెడలోని టేపును వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడమే చేశాడు. తలుపు చప్పుడైన ప్రతిసారీ తలెత్తి చూశాడు.

చివరికి డాక్టర్ వచ్చాడు.

"మీ పాప కళ్లు తెరిచింది. మెదడు కాస్త కుదుపుకి గురైంది, రెండు రోజులు ఇక్కడే ఉంచుతాం. ఎముకకి ఏమీ కాలేదు. దెబ్బలో చాలా భాగం హెల్మెట్ తీసుకుంది."

దర్జీ అలాగే నేల మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

లేవబోతూ, అడగాలి కదా అన్నట్టు అడిగాడు.

"ఆ పెద్దాయన?"

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "దక్కలేదు. అదే హెల్మెట్ ఆయనకీ ఉండుంటే బతికేవాడేమో."

"పాపం" అన్నాడు దర్జీ.

అంతలో భార్య ఫోన్. పొరుగూరి నుంచి అప్పుడే ఇంటికి చేరి, బట్టలు సర్దుతోందట. ఆయన ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"పిల్ల లేచిందే! భయం లేదు. నువ్వు తెచ్చిన హెల్మెట్టే కాపాడింది. పొద్దున నా మాట విని పెట్టుకెళ్లింది."



"హెల్మెట్టా? డబ్బా ఫ్రిజ్ మీదే ఉందండీ. ఇంకా విప్పనే లేదు."

దర్జీ ఫోన్ దించాడు. పసుపు హెల్మెట్‌ను ఒళ్లోకి తీసుకున్నాడు. మడతలు పెట్టి కుక్కిన చేతిరుమాలును నెమ్మదిగా బయటికి లాగాడు.

కింద స్పాంజికి అంటుకుని, రెండు నెరిసిన వెంట్రుకలు.