నీలం ఆకుల కప్పులు

“కాఫీ ఉండగానే కప్పు బోర్లిస్తావా? మతి గానీ పోయిందా నీకు?” వివెకా తుడుపుగుడ్డ పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“అడుగున ముద్ర చూడొద్దూ!” అన్నాడు టోర్‌స్టెన్, చొక్కా మీద ఒలికిన కాఫీని లెక్కచెయ్యకుండా. “ఇదిగో, పడవ బొమ్మ. అసలు సిసలు సరుకు. ఇప్పుడు ఆ కార్ఖానాయే లేదు, తెలుసా?”

“కొట్లో చూసుకునే కదా తెచ్చావు?”

“మళ్ళీ చూడాలనిపించింది. కుంటికాలుతో మంచులో అంతదూరం పోయి తెచ్చుకున్నవాణ్ణి, ఆమాత్రం హక్కు లేదూ?”

కప్పు కడిగి గోడ మీది పాత టేకు అరలో పెట్టాడు. నీలం ఆకుల కప్పులు, సాసర్లు, కేకు పళ్ళేలు కిటికీ వెలుగులో మెరుస్తున్నాయి. టోర్‌స్టెన్ కాస్త వెనక్కి జరిగి, తల వంచి, ఒక కప్పు పిడిని పక్కదానితో సమంగా తిప్పాడు. వివెకాకు కడుపు నిండినట్టయింది.

ఎందుకు నిండదు? శరదృతువులో తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వింటేనా! వివెకాకు కూడా తలుపు తీసే ఓపిక లేదనుకోండి. అక్క గున్‌బోర్ పోయాక సరుకులు ఇంటికే తెప్పించుకుంటోంది, ఫోను మోగినా తీయడం మానేసింది. కానీ ఆవిడ సంగతి వేరు, ఆవిడ కాళ్ళు బాగానే ఉన్నాయి కదా.

క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు టోర్‌స్టెన్ కిటికీలోంచి చూస్తూ, “మా అమ్మమ్మ ఇంట్లో నీలం ఆకుల కప్పులుండేవి. అలాంటిది దొరుకుతుందంటే పాకుతూనైనా పోతాను” అన్నాడు.

ఆ మాటకు వివెకా చప్పున తలెత్తింది. అవే కప్పులు! గున్‌బోర్ వదిలిపోయిన సెట్టు, కింద నేలమాళిగలో, వాళ్ళ కొట్టుగదిలో ఉంది. తెచ్చిన రోజు నుంచీ ఆ పెట్టె మూత తియ్యడానికి ఆవిడకు చేతులు రాలేదు. టోర్‌స్టెన్‌కు దాని ఊసే తెలియదు. గున్‌బోర్ ఇంట్లో ఎన్నేళ్ళు కాఫీ తాగినా కప్పు వంక చూసిన పాపాన పోలేదు. మగవాళ్ళకు కాఫీ కావాలి గానీ కప్పుతో ఏం పని?

పెట్టె మొత్తం తెచ్చి ఒళ్ళో పెడితే కుర్చీలోంచి లేవడు. అందుకే మర్నాడు ఏడుస్తూనే మూత తీసి, ఒక్క కప్పు కాగితంలో చుట్టుకుని, రొట్టెకని చెప్పి బయల్దేరింది. చర్చివాళ్ళు నడిపే పాతసామాన్ల కొట్లో పెరటి తలుపున ఎవరు ఏమిచ్చినా తీసుకుంటారు, వీధి తలుపున అమ్ముతారు. ఆ కొట్టు చూసుకునే బిర్గిట్, వివెకాతో చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి.

“గాజు సామాను వెనకాల దాచవే. మధ్యాహ్నం మా ఆయన్ని పంపిస్తాను. నేనిచ్చానని మాత్రం చెప్పకు.”

“నాకెందుకమ్మా మీ మొగుడూ పెళ్ళాల గొడవ?” బిర్గిట్ ముసిముసిగా నవ్వింది. “వచ్చావు కదా, కాఫీ తాగి పో.”

కొట్లో నీలం ఆకుల కప్పు కనబడిందని చెప్పగానే టోర్‌స్టెన్ నిజంగానే వెళ్ళాడు. కప్పు పట్టుకుని పసిపిల్లాడిలా వచ్చాడు. ఇక అదే వరస. పొద్దున ఆవిడ పెరటి తలుపున ఇస్తుంది, మధ్యాహ్నం ఆయన వీధి తలుపున కొంటాడు. బిర్గిట్ కూడా ఊరికే వదిలేది కాదు. ఈ పూట మనిషి లేదంటూ ఒకసారి పళ్ళేలు తుడిపించింది, ఇంకోసారి ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు తోమించింది. పోనుపోను మంగళవారాలు వివెకాయే కొట్లో నిలబడి, ఏ గిన్నె ఏ కాలందో వచ్చినవాళ్ళకు చెప్పేది. ఒకావిడ దీపం గొడుగును టోపీ అనుకుని నెత్తిన పెట్టుకున్నప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇదంతా టోర్‌స్టెన్ కాలి కోసమే పడుతున్న పాట్లని అనుకునేది.

మంచు కరిగింది. పెట్టె అడుగున కాఫీ కూజా ఒక్కటే మిగిలింది. అదీ ఇచ్చేసింది.

ఆ సాయంత్రం టోర్‌స్టెన్ కూజాను బల్ల మధ్యలో పెట్టి, “సెట్టు పూర్తయింది. ఇక ఆ కొట్టుకు పోయే పనేముంది?” అన్నాడు. గొంతులో సంతోషం లేదు. కుర్చీలో కూలబడి భార్య వంకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వివెకా ఉత్త చేతులతో కొట్టు పెరటి తలుపు తట్టింది.

“అయిపోయాయే బిర్గిట్! పెట్టె ఖాళీ. ఈయన మళ్ళీ కుర్చీకి అతుక్కుపోతాడు. ఇంకేవైనా పాత కప్పులుంటే చూడు, నీ పుణ్యముంటుంది. ఆకులు కాకపోతే పువ్వులైనా సరే.”

“కాస్త ఊపిరి పీల్చుకో తల్లీ. నిన్న కూజా కొనడానికొచ్చి మీ ఆయనా ఇదే ఏడుపు.”

“ఏ ఏడుపు?”

“‘మా వివెకా పెట్టె ఖాళీ అయిపోయింది, రేపటి నుంచి ఎలా?’ అని.”

వివెకా అక్కడున్న టేకు స్టూలు మీద చతికిలబడింది. “పెట్టె సంగతి ఆయనకెలా తెలుసు? ఆ కాలితో మెట్లు దిగి ఎప్పుడు చూశాడు?”

బిర్గిట్ ఆవిడ చేయి పట్టుకుంది.

“ఆయన కాలు క్రిస్మస్‌కే బాగైపోయింది వివెకా, ఇంట్లోంచి బయటపడాల్సింది నువ్వు.”