గేదె చూపులో అంకయ్య

పశువుల కళ్ల బండి ఊళ్లోకి వస్తే ఇప్పుడెవరూ వింతగా చూడరు. కొత్త కళ్లు పెట్టించుకున్న పక్కింటి కుక్క పోయిన వారం నుంచి ఆకాశంలో చుక్కలను చూసి మొరుగుతోంది. ఈ రోజు అంకయ్య గేదె వంతు. దాని రెండు కళ్లకూ శుక్లాలే.

"భయంగా ఉంది డాట్రమ్మా," అన్నాడు అంకయ్య. "మా ఇంటిది పోయిన కాడ్నుంచి ఆమె చీర చుట్టుకునే పాలు పిండుతున్నా. దీనికి చూపు లేదు గదా, ఆ చీర వాసనకే చేపి పాలిచ్చుద్ది. ఇప్పుడు నా మీసాలు చూసిందంటే తన్నుద్ది."

కంటి డాక్టరు నస్రీన్ పావుగంటలో కొత్త కటకాలు అమర్చి, ఒక పలకను అతని ఎదురుగా నిలబెట్టింది. గేదె చూసేదంతా అందులో కనిపిస్తుంది. చూపు ఎక్కడ నిలిస్తే అక్కడ పచ్చ చుక్క వెలుగుతుంది.

అంకయ్య చీర చుట్టుకుని, తల మీద ముసుగేసుకుని, చెంబుతో వచ్చాడు. పలకలో ఉన్నది తన పాకే, కానీ తానెన్నడూ చూడని పాక. ఎండలో తేలుతున్న ఒక్కో గడ్డి నలుసూ మెరుస్తోంది. ఆ మెరుపుల మధ్య చీర కట్టిన ముసలివాడు. పచ్చ చుక్క చీర అంచు మీద నుంచి పైకి పాకి, మీసాల మీద ఆగింది.

గేదె మెడ చాచి ఆ మీసాలను నాకింది. అతని చెయ్యి పడకముందే చేపింది.

"కొత్త మనిషైతే ఈ చుక్క నిలవదు బాబాయ్," అంది నస్రీన్. "మీరెవరో దీనికి ఎప్పుడో తెలుసు."

అంకయ్య చీర విప్పబోయి ఆగాడు. రేపటి నుంచి దాన్ని కట్టుకోవడానికి ఏ సాకూ లేదు.