పదిహేడో వరుస

"మళ్ళీ ఎరుపే," అన్నాడు లస్సాద్.

నల్లటి తెర మీద నలభై ఒక్క వరుసలు. కంపెనీ కోడ్ దాచుకునే రిపోలు నలభై ఒకటి, ఒక్కోదానికి ఒక్కో వరుస. లోపల అంతా సర్ది ఉంటే పచ్చ. ఎవరైనా ఏదైనా మార్చి కమిట్ చేయకుండా, అంటే ఖాయం చేసి భద్రపరచకుండా, వదిలేస్తే ఎరుపు. అలా కాపలా కాసే స్క్రిప్టు విదాద్ రాసిందే. మామూలు రోజుల్లో అన్నీ పచ్చగానే ఉంటాయి. ఉద్యోగం మానేవాళ్ళ కోసం నడిపే అప్పగింత తనిఖీలోనే పదిహేడో వరుస మొరాయిస్తోంది.

అన్నీ పచ్చబడితే తప్ప మేనేజరు మోంజీ విడుదల కాగితం మీద సంతకం పెట్టడు. అది లేనిదే సోమవారం బిజెర్త్‌లో కొత్త ఉద్యోగంలో విదాద్‌ను చేర్చుకోరు. ఇవాళ శుక్రవారం. రాజీనామా ఇచ్చిన రోజే ఆమెకు కోడ్ ముట్టుకునే హక్కు తీసేశారు. తొమ్మిది రోజులుగా తోటి ఉద్యోగి లస్సాద్ కీబోర్డు మీద పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూడటమే ఆమె పని.

"ముసలాడే గెలుకుతున్నాడు, నిన్ను పోనివ్వడం ఇష్టంలేక," అన్నాడు లస్సాద్.

"మోంజీ గారికి మౌస్ పట్టుకోవడమే రాదు, లస్సాద్ గారూ."

"అయితే ఏ జిన్ను భూతమో పట్టి ఉంటుంది. పోనీ నీ స్క్రిప్టే తెరిచి చూద్దామా?"

"వద్దు. అందులో ఏమీ లేదు. నేను రాసింది నాకు తెలియదా?"

"అబ్బో, పొగరు."

మోంజీ తొంగిచూశాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా అమ్మాయ్? నాలుగింటికి నేను తాళం వేసి పోతా. సోమవారం కూడా ఆ కుర్చీ నీదే, బెంగపడకు."

లస్సాద్ తన లబ్లబీ శనగల పులుసు గిన్నె ఆమె ముందుకు జరిపాడు.

"తిను. నాలుగేళ్ళ క్రితం సూస్‌లో ఉద్యోగం వచ్చి నేను మానేస్తానన్నప్పుడూ ఇదే వరుస, ఇదే ఎరుపు. అప్పుడు కీబోర్డు నీ చేతిలో ఉంది. రెండు వారాలు నా కోసం కూర్చున్నావు. ఆ సూస్ వాళ్ళు ఆగలేక వేరేవాణ్ణి పెట్టుకుంటే నీ తప్పేముంది? అందుకే నిన్ను మాత్రం ఇక్కడ ఇరుక్కోనివ్వను."

ఆమె చెంచా కింద పెట్టేసింది. గడియారం మూడున్నర దాటింది.

"స్క్రిప్టు తెరవండి," అంది చాలా మెల్లగా.

లస్సాద్ ఒక్కో పంక్తీ చదువుతూ పోయి ఒకచోట ఆగి, పగలబడి నవ్వాడు. అప్పగింత తనిఖీ మొదలయ్యే ముందు స్క్రిప్టే పదిహేడో రిపోలో ఒక ఖాళీ ఫైలు పడేస్తోంది.

"చెత్త తనే వేసి, చెత్త ఉందని తనే అరుస్తోంది, దొంగముండ."

ఆ పంక్తి తీసేసి నడిపాడు. నలభై ఒక్క పచ్చలు. మోంజీ మొహం ముడుచుకుని సంతకం పెట్టాడు. విదాద్ కాగితం తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

పంక్తి ఎందుకు తీసేశాడో రాసిపెట్టడం లస్సాద్‌కు అలవాటు. అదెప్పుడు చేరిందో చూద్దామని స్క్రిప్టులో జరిగిన మార్పుల చరిత్ర తెరిచాడు. పేరు విదాద్‌దే.

తేదీ, నాలుగేళ్ళ క్రితం సూస్ కోసం తను రాజీనామా ఇచ్చిన రోజుది.