నాలుగడుగులు దక్షిణానికి

“ఆ స్టాండు అక్కడ బిగించకు నాయనా, నాలుగడుగులు దక్షిణానికి జరుపు!”

డాబా మీద సోలార్ పలకలు బిగిస్తున్న ఫిట్టరు ఉలిక్కిపడి చూశాడు. ఉత్తరం వైపు పిట్టగోడ మీదికి ముందు ఒక టీ ఫ్లాస్కు, దాని వెనక తెల్లటి జుట్టుముడి, ఆ వెనక ఆయాసపడుతూ ఒక మామ్మ వచ్చింది.

“మెట్లుండగా నిచ్చెనెందుకు మామ్మగారూ?”

“మెట్లకి చుట్టు తిరగాలి. ఇదైతే దగ్గర. ముందు టీ తాగు.”

అతను తాగాడు. “కొలిచే పెట్టానండీ. మిట్టమధ్యాహ్నం నీడ జానెడు కూడా దాటలేదు.”

“ఎండాకాలం కదా! సూర్యుడు నడినెత్తినుంటే ఏనుగుకైనా జానెడే నీడ. చలికాలంలో చూడు, దక్షిణానికి దిగజారి దొంగలా వంగి నడుస్తాడు. మనిషెత్తు స్టాండుకి మనిషిన్నర నీడ!”

“మా ఊళ్లో అంత సాగదండీ.”

“ఏ పక్క మీది?”

“దక్షిణంగా రెండ్రోజుల రైలు ప్రయాణం.”

“అదీ సంగతి! అక్కడ చలికాలమైనా తలెత్తుకు తిరుగుతాడు. ఉత్తరానికొచ్చేకొద్దీ నడుం వంగుతుంది, నాలాగే. భూమి ఓ పక్కకి ఒరిగి తిరుగుతుందట, మా మనవరాలు చెప్పింది. నాకా ఒరుగుడు మా ఆయన మంచం నేర్పింది.”

మామ్మ పిట్టగోడ మీంచి వంగి, పెరటి అవతలి గది కిటికీ చూపించింది.

“పక్షవాతం వచ్చి పదకొండేళ్లు. చలికాలంలో ఈ గోడ మీంచి జారి ఆ కిటికీలో పడే రెండు గంటల ఎండ కాళ్లకి తగిలితేనే వేళ్లు కదుపుతాడు. నెలనెలా ఎండ వెంట మంచం జరిపి, నేల మీద సుద్దగీత గీస్తా. నువ్విక్కడ బిగిస్తే నా గీతలన్నీ నీడపాలే.”

ఫిట్టరు టేపు పట్టి, వేళ్లు మడిచి లెక్కేశాడు. ముసలామె మాట అక్షరాలా నిజం.

“వైరు ఇంకాస్త పడుతుంది. ఇంటి సారు ఆఫీసులో ఉన్నారు, ఫోన్ చేసి అడగనా?”

“పనిలో ఉన్నవాణ్ణి కదపడం దేనికి? జరిపితే నీ పలకలకి ఎండ తగ్గుతుందా?”

“తగ్గదండీ.”

“మరింకేం! పెద్దదాన్ని చెబుతున్నా.”

సాయంత్రానికి స్టాండు నాలుగడుగులు దక్షిణాన బిగిసింది. మామ్మ పట్టి ఊపి చూసి, తృప్తిగా తలాడించింది.

“కాగితం మీద సంతకం, మామ్మగారూ.”

“సారొచ్చి పెడతాడులే.”

ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, నిచ్చెన తన పెరట్లోకి లాక్కుంది.

ఆ మేడ మామ్మది కాదు, పక్కింటివాళ్లది.